పంతొమ్మిదో మేకు

ఇంగ్లండులో పదకొండు మంది బంతి సరిగ్గా తన్నలేక ఓడిపోతే దోహాలో నేను వండిన కోడికూర ఎందుకు పారేయాలి? ఆ ఏడాది చలికాలమంతా నా గొడవ ఇదే.

చమురు ధర పెరిగి ఖతర్‌లో ఎటు చూసినా పునాదులు తవ్వుతున్న రోజులవి. నేను కరీంనగర్ జిల్లా నుంచి మేస్త్రీ పనికని వెళ్ళాను. నాలుగు నెలలు సిమెంటు దిమ్మెలు మోశాక, ఒకరోజు క్యాంపులో వంటవాడికి జ్వరమొస్తే గరిటె పట్టుకున్నాను. మళ్ళీ దిమ్మె ముట్టలేదు. తర్వాత కంపెనీ నన్ను దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఉండే ఇంటికి వంటకి పంపింది. నేను ఖతర్‌లో ఉన్నానని ఎన్ని ఉత్తరాలు రాసినా ఇంటి నుంచి మాత్రం "దుబాయిల ఎండలు ఎట్లున్నయి" అనే జవాబు వచ్చేది.

ఆ ఇంజనీరుకి యాభై ఏళ్ళుంటాయి. మెడ ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది. ఒంటరివాడు. నాతో కాస్త హిందీ, నాలుగు అరబ్బీ ముక్కలు, మిగతాది చేతులతో మాట్లాడేవాడు. ఇంగ్లీషు అప్పట్లో నాకు అంకెల వరకే వచ్చు. నా పేరు ఒక్కసారి కూడా తప్పుగా పలకలేదు. అది నేర్చుకోవడానికి ఆయనకు వారం పట్టింది, ఆ వారమంతా అద్దం ముందు నిలబడి సాధన చేయడం నేను చూశాను. అందుకే ఆయన మీద నాకు కోపం వచ్చినంత తొందరగానే పోయేది.

భోజనాల గదిలో ఒక ప్లైవుడ్ చెక్క వేలాడదీశాడు. దానికి పైనుంచి కిందికి ఇరవై రెండు మేకులు, ఒక్కో మేకుకి ఒక రేకు బిళ్ళ. సైట్లో ఇనప కంబి కట్టలకు కట్టే బిళ్ళలవి. వాటి మీద ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్ల పేర్లు రాశాడు. పంతొమ్మిదో మేకు కింద ఎర్ర రంగుతో ఒక గీత. ప్రతి ఆదివారం ఉదయం టీ తాగుతూ బిళ్ళల్ని పైకీ కిందికీ మార్చేవాడు. ఆయన ఊరి జట్టు బిళ్ళని నేను చదవలేకపోయినా గుర్తుపట్టేవాణ్ణి, దాని మీద నా వేలి పసుపు అంటింది. తుడుస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

ఆ గీత ఏమిటో ఆయన కారు నడిపే హైదరాబాదీ భాయ్ నాకు చెప్పాడు. "గిట్ల సమజ్ జేస్కో తమ్మీ. పదో తరగతిల ఇరవై రెండుమంది పోరగాండ్లు ఉన్నరనుకో. సాల్ ఆఖర్ల అందరికన్న వెనకున్న ముగ్గుర్ని పట్టి తొమ్మిదిల కూసోబెడ్తరు."

"ఫెయిలైతే అదే తరగతిల ఉంచుతరు గాని కిందికెవడు దింపుతడు భాయ్?"

"అంగ్రేజోళ్ళు దింపుతరు. ఉసూల్ అంటే ఉసూల్, రూల్ రూలే."

పాపం అనిపించింది. అంత పెద్దవాళ్ళని చిన్న తరగతిలో కూర్చోబెట్టడమేమిటి?

కానీ ఇంజనీరు బాధ సిగ్గు గురించి కాదు. అది నాకు రేడియో వల్ల తెలిసింది. శనివారం సాయంత్రం లండన్ రేడియోలో ఆ రోజు ఆటల ఫలితాలన్నీ వరసగా చదివేవారు. పైతరగతి జట్లవి ముందు, తర్వాత కింది తరగతులవి. మా రేడియోలో మొదటి కొన్ని నిమిషాలే గొంతు నిలకడగా వినిపించేది. కింది తరగతులు మొదలయ్యేసరికి పక్కనున్న ఏదో అరబ్బీ స్టేషన్ పాట వచ్చి దాన్ని మింగేసేది. సైట్లో పని తొందరగా ముగిసిన ఒక శనివారం ఆయన ఆ పాట వస్తున్న రేడియో వైపు వేలు చూపించి, తన ఊళ్ళో బట్టల మిల్లు మూసేశారనీ, ఇక ఆ ఊరి పేరు ఎవరైనా పలికేది శనివారం ఈ ఒక్క నిమిషమేననీ చెప్పాడు. జట్టు కిందికి పోతే ఆ పేరు దోహాలో వినపడదు. పాటలో కలిసిపోతుంది. చెప్పి, మొహం అటు తిప్పుకుని రేడియో మీది దుమ్ము తుడిచాడు.

మరి మిగతా శనివారాలు ఆ నిమిషం కూడా ఆయన వినలేకపోయేవాడు. ఖతర్‌లో సెలవు శుక్రవారం, శనివారం పూర్తి డ్యూటీ. ఫలితాలు చదివే వేళకి ఆయన సైట్లోనే ఉండేవాడు. అందుకని వినే పని నాకు అప్పగించాడు. పొయ్యి మీద కూర, గట్టు మీద రేడియో. కొన్నాళ్ళకి నాకు అంకెల కోసం ఆగాల్సిన పని కూడా లేకపోయింది. చదివేవాడి గొంతులోనే తెలిసేది. ఒక్కో ఆటకి రెండు జట్ల పేర్లు చదువుతారు కదా, రెండో పేరు దగ్గర గొంతు పైకి లేస్తే దానిదే గెలుపు, కిందికి జారితే ఓటమి, ఎత్తూ పల్లం లేకుండా సాగితే సమం.

మొదటిసారి జట్టు ఓడినప్పుడు ఆయన గుమ్మంలోకి రాగానే ఏమైందని అడిగాడు. నేను చెప్పలేదు. "పహలే ఖానా, సాబ్" అన్నాను, ముందు తినమని. మా వైపు చెడ్డ కబురు పట్టుకొచ్చినవాడు ముందు తిన్నావా అని అడుగుతాడు. తినలేదంటే తినేదాకా కడుపులో దాచుకుంటాడు. కబురు విన్నాక ఆ మనిషి ముద్ద ముట్టడు కదా. ఆయనకి ఇదంతా తెలియదు. గద్దించి అడిగాడు. చెప్పాను. ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. కంచంలో కూర అలాగే ఉంది. నేను ఎందుకు ఆగమన్నానో ఇప్పుడైనా తెలిసిందా అని గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను.

అలా మూడు శనివారాలు జరిగాక ఆయనకి అర్థమైంది. ఆ తర్వాత మా మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. గెలిస్తే నేను గేటు దగ్గరే నిలబడి కారు ఆగకముందే చెప్పేసేవాణ్ణి, భాయ్ హారన్ మోగించేవాడు. ఓడితే గేటు దగ్గర నేను ఉండను, బల్ల మీద కంచం ఉంటుంది. ఆయన కంచం చూసి, చేతులు కడుక్కుని, ఏమీ అడగకుండా తినేవాడు. పూర్తిగా తిన్నాకే "హా, బోలో" అనేవాడు. ఓడినా నా కూర మిగలడం మానేసింది. ఆ జట్టు మీద నా కోపం చల్లారింది అప్పటి నుంచే.

ఎండలు ముదిరాక లండన్‌లో గడియారం మార్చారట, ఫలితాలు మాకు గంట ముందుకు జరిగాయి. పసుపు మరక బిళ్ళ ఇరవైకి, ఇరవై ఒకటికి పోయి, మళ్ళీ పంతొమ్మిదికి పాక్కుంటూ వచ్చింది. నేను తెల్లవారి దీపం పెట్టేటప్పుడు ఆ మేకు వైపు కూడా ఒకసారి దండం పెట్టేవాణ్ణి. భాయ్ శుక్రవారం నమాజులో దువా చేశానన్నాడు. ఏ జట్టు కోసమో అల్లాకి అర్థమయ్యేలా ఊరి పేరు సరిగ్గా పలికావా అని అడిగాను. "అరె, నీ దేవునికి పలకొచ్చిందా?" అన్నాడు.

ఆఖరి శనివారం వచ్చింది. ఆ రోజు ఆయనకు స్లాబు ఉంది. కాంక్రీటు పోయడం మొదలుపెట్టాక మధ్యలో వదిలి రావడానికి వీల్లేదు. పొద్దున నన్ను చెక్క ముందు నిలబెట్టి పాఠం చెప్పాడు. మనవాళ్ళు గెలిస్తే గొడవే లేదు. సమమైతే, ఇరవయ్యో మేకు మీది జట్టు గెలవకూడదు. అది గెలిస్తే గీత కింద పడేది మనమే. ఆ ఇరవయ్యో మేకు జట్టు పేరు నాతో ఇరవైసార్లు చెప్పించాడు. టీ చల్లారిపోయింది.

సాయంత్రం రేడియోకి చెవి ఆనించి నిలబడ్డాను. మా ఊరి పేరు వచ్చింది. అవును, మా ఊరి పేరనే అనుకునేవాణ్ణి అప్పటికి. గొంతు లేవలేదు, జారలేదు. ఒకటి, ఒకటి. సమం. ఇక ఇరవయ్యో మేకు జట్టు పేరు కోసం గొంతు పెంచాను రేడియోకి. సరిగ్గా అప్పుడే, ఏనాడూ లేనిది, పైతరగతి పూర్తవకముందే ఆ దిక్కుమాలిన పాట వచ్చింది. ముల్లు తిప్పాను, ఏరియల్ తీగ లాగాను, రేడియో వీపు మీద చరిచాను. పాట వదిలి గొంతు తిరిగి వచ్చేసరికి ఎక్కడో కింది తరగతిలో ఉన్నారు.

సగం కబురు పట్టుకుని ఏం చేయాలి? గేటు దగ్గర నిలబడితే గెలిచామనుకుంటాడు. తర్వాత కాదని తెలిస్తే ఆ మనిషి మొహం నేను చూడలేను. ఎటూ తేలక వంటింటికీ గేటుకీ మధ్య పదిసార్లు తిరిగాను. చివరికి చెడుకే సిద్ధపడి కంచం పెట్టేశాను.

ఆయన బూట్ల నిండా సిమెంటుతో వచ్చాడు. గేటు దగ్గర నేను లేను. లోపలికొచ్చి కంచం చూశాడు. టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. "అదికాదు సాబ్" అనబోయాను. చేయి ఎత్తి ఆపాడు. అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర, అన్నీ తిన్నాడు. వేళ్ళకి అంటిన మెతుకు కూడా వదల్లేదు. గుమ్మంలో భాయ్ తల దించుకుని నిలబడ్డాడు. అంత నెమ్మదిగా, అంత మర్యాదగా ఎవరూ నా చేతి వంట తినలేదు. నాకు ఏడుపొచ్చింది.

"హా, బోలో" అన్నాడు.

"ఏక్, ఏక్. సమం సాబ్. రెండోది మాలూం నహీ. పాటొచ్చింది."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "మాలూం నహీ?"

"మాలూం నహీ, సాబ్."

తర్వాత అరిచాడు. నన్ను కాదు, టైము ఎంతైందని. తొమ్మిది గంటల వార్తల చివర ఆటల కబుర్లు చెబుతారట. ఇంకా ఐదు నిమిషాలుంది. రేడియో తీగ విప్పి నా చేతికిచ్చి డాబా మీదికి తరిమాడు. నేను నీళ్ళ ట్యాంకు ఎక్కి తీగ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. కింద కిటికీలోంచి భాయ్ కేకలు: "ఎడమకు తమ్మీ! గంత గాదు! ఆఁ, గట్లనే, హిల్లకు, కదలకు!" చేతులు లాగుతున్నాయి. కింద ఏం చెబుతున్నారో నాకు ఒక్క ముక్క వినబడలేదు.

అప్పుడు కింది నుంచి ఇద్దరు మగాళ్ళు ఒకేసారి అరవడం వినిపించింది. ఇరవయ్యో మేకు జట్టు ఓడిపోయింది. పసుపు మరక బిళ్ళ పంతొమ్మిదో మేకు మీదే ఉండిపోయింది.

ఆయన డాబా మీదికి పరుగెత్తుకొచ్చి నన్ను ట్యాంకు మీంచి ఎత్తి దించాడు. కిందికి తీసుకెళ్ళి బల్ల దగ్గర భాయ్‌ని ఒకవైపు, నన్ను ఒకవైపు కూర్చోబెట్టాడు. ఇందాక తిన్నది చెడు కబురు తిండి, అది లెక్కలోకి రాదన్నాడు. గిన్నెలోని అన్నం తనే ముగ్గురికీ వడ్డించి మళ్ళీ తిన్నాడు. నేనూ ఆబగా తిన్నాను. ఆ జట్టులో ఒక్కడి మొహం నాకు తెలియదు, అయినా నా పెళ్ళిలో కూడా అంత సంతోషపడలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున మాడు వాసనకి మెలకువ వచ్చింది. వంటింట్లోకి పరుగెత్తాను. ఇంజనీరు నా పెనం పట్టుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద నేను తినే స్టీలు కంచం, అందులో నల్లగా వేగిన గుడ్డు, రెండు రొట్టె ముక్కలు. కంచం పక్కన రేడియో. దాని తీగని చక్కగా చుట్టి పెట్టాడు. మేకుల చెక్కని గోడ మీంచి దించి తన పెట్టెకి ఆనించాడు. అంతకుముందు రోజు కంపెనీ ఆఫీసు నుంచి ఆయనకొక కవరు వచ్చింది, నేనే గేటు దగ్గర తీసుకుని ఇచ్చాను.

నేను నోరు తెరిచేలోపే ఆయన కుర్చీ లాగాడు.

"పహలే ఖానా" అన్నాడు.

కూర్చున్నాను. గుడ్డులో ఉప్పు లేదు. అడుగు మాడి చేదుగా ఉంది. ఆయన ఎదురుగా నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, నా వంతు పూర్తయ్యేదాకా కవరు ఊసెత్తలేదు. ఆ ఒక్క గుడ్డు తినడానికి నేను అరగంట చేశాను.