వేలు లేస్తే పాట మొదటికి

మా పాటల సార్ పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. బస్సులన్నీ సమ్మెలో ఉన్న రోజే పోవాలా ఆయన? ఎల్బీనగర్ నుంచి సరూర్‌నగర్ దాకా ఎండలో నడుస్తుంటే ఏడుపు కంటే ముందు విసుగే వచ్చింది నాకు. బతికుండగా మాత్రం ఏ పని సులువుగా చేయనిచ్చారు గనక!

సార్‌ది నల్గొండ వైపు పల్లె. అక్కడి మిషన్ బడిలో నేర్చుకున్న పడమటి సంగీతాన్ని తెచ్చి మా చర్చి క్వయర్ నెత్తిన రుద్దారు. ఒపేరా అంటే ఏందని అడిగితే, "మన చిరుతల భాగవతమే. గాడ గూడ పాడుకుంటనే కొట్లాడుతరు, పాడుకుంటనే సస్తరు" అనేవారు. ఆస్ట్రియా స్వరకర్త ఒకాయన నలుగురితో ఒకేసారి తలో మాట పాడించినా ఎవరి మాట వాళ్లదిగా వినపడుతుందట. "మీరేమో అందరు ఒక్కటే మాట పాడుతరు, నాలుగు ఇనపడతయ్!" జర్మనీ ఆయనేమో ఒపేరాలో పాటకూ పాటకూ మధ్య ఆగడమన్నదే లేకుండా చేశాడట. ఈ సంగతి చెప్పడానికి కూడా మా పాట ఆపేవారు, చూడండి.

ఆపడమే ఆయన పద్ధతి. శ్రుతి వెంట్రుకవాసి జారినా చూపుడు వేలు లేచేది. "మల్లా" అనేవారు. ఇక మొదటి నుంచి పాడాల్సిందే.

ఇటలీ స్వరకర్త ఒకాయన కట్టిన ఒపేరాలో చివరి పాటను సార్ తెలుగులోకి తెచ్చారు. జనమంతా కలిసి పాడే పాట అది. "దొరలను పక్కకు జరిపి జనానికి గొంతిచ్చిండు. గదీ ఆయన చేసిన పని" అని మురిసిపోయేవారు. దాన్ని ఒక్కసారైనా చివరిదాకా పాడాలని మాకు ఎంత ఆశో!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యమంవాళ్లు ధూంధాం ఆటపాటల సభ పెట్టినప్పుడు మాకూ పిలుపొచ్చింది. జనం చప్పట్లు కొడుతుండగా, స్టేజీ మీద, పాట సగంలో వేలు లేచింది!

"సార్, ఇయ్యాలన్న జర పోనియ్యుండ్రి" అని బతిమాలాను.

"జనానికి ఉడకని బువ్వ పెడ్తమా బిడ్డా?" అన్నారు.

మళ్లీ అందుకునేలోపే మైకు డప్పులవాళ్ల చేతికి పోయింది. ఆ పాట అంతటితో సరి. ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. కానీ నా గొంతును నేనే వినడం నేర్పింది కూడా ఆ వేలే.

సమాధి దగ్గర ఆ పాటే ఎత్తుకున్నాం. ఇక ఆపేవాళ్లు లేరు. చివరి చరణానికి వచ్చేసరికి శ్రుతి జారింది. అందరికీ తెలిసింది, ఎవరూ ఆగలేదు. ఇంకో రెండు మాటలైతే అయిపోయేది.

నా వేలు లేచింది.

"మల్లా" అన్నాను.

ఒక్కరూ విసుక్కోలేదు. మట్టి వేయబోతున్నవాళ్లు పారలు పక్కన పెట్టి నిలబడ్డారు. మేం మొదటి నుంచి ఎత్తుకున్నాం.