బిస్కట్ డబ్బాలో కాలిన కాగితాలు

పుంగ్గోల్‌లో మా బ్లాకు కింద, చైనా పంచాంగం ఏడో నెలలో చైనీస్ వాళ్ళు పోయిన పెద్దల కోసం కాగితాలు కాల్చే వాసన పైకి రాగానే, ఈ వయసులో కూడా నేను అనుమానంగా కిటికీలోంచి తొంగిచూస్తాను, ఎవరి కాగితాలు కాలుస్తున్నారో అని. ఆ బుద్ధి అమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

చిన్నప్పుడు ఇదే ఊళ్ళో బెడోక్ అనే పేటలో ఉండేవాళ్ళం. పక్క ఫ్లాట్ లిమ్ అంకుల్ రిటైరైన చైనీస్ మాస్టారు. సాయంత్రాలు కారిడార్‌లో పీట వేసుకుని, సిరా వాసనా నారింజ తొక్కల వాసనా కలిసిన చేతులతో కుంచె పట్టి రాస్తూ, మేమిచ్చిన జంతికలు కొరుకుతూ, పూర్వం రైతుల పాటల్ని ఎలా పోగుచేశారో, టాంగ్ రాజుల కాలంలో కొలువు కావాలంటే పద్యం రాయడం ఎందుకు రావాలో, రోజుకో ముక్క చెప్పేవారు. ఆ తర్వాతి సాంగ్ రాజుల కాలం సంగతులు వచ్చే వారం చెబుతానన్నారు.

ఆ వారమే నాకు జ్వరమొచ్చింది. లిఫ్టు దగ్గర పాత పేపర్లతో పాటు అమ్మ పడేసిన నా తెలుగు చూచిరాత కాగితాల్ని ఆయన ఒక్కొక్కటే ఏరి, బిస్కట్ డబ్బాలో కాలుస్తూ, తల వంచుకుని నిలబడ్డారు. అమ్మ చూసింది.

"నీ చేతిరాతే ఏరి కాలుస్తున్నాడు. చేతబడి కాకపోతే ఏంటది? నిన్నెప్పుడైనా కాగితాలడిగాడా?"

అడిగారు. చెత్తలో వెయ్యకు, నాకియ్యి అన్నారు. ఎందుకని నేను అడగలేదు. అవునని అమ్మతో చెప్పేసరికి నాకూ భయమేసింది, అంతకాలం ఆయన ఒలిచిపెట్టిన నారింజ తొనల మీద కూడా అనుమానమొచ్చింది. అమ్మ వెళ్ళి మా బ్లాకుల బాగోగులు చూసే ఎస్టేట్ ఆఫీసులో చెప్పింది. వాళ్ళొచ్చి డబ్బా పట్టుకుపోతుంటే ఆయన నా వైపు చూసి, "గాట్ వర్డ్స్, కెనాట్ త్రో లా" అన్నారు. అక్షరాలున్న కాగితం పారేయకూడదట. అమ్మ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఆ తలుపు మళ్ళీ మా కోసం తెరుచుకోలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన కూతురింటికి వెళ్ళిపోయారు.

కాలేజీలో చైనీస్ సాహిత్య చరిత్ర చదివినప్పుడు తెలిసింది, రాసిన కాగితం కాళ్ళకింద పడకూడదని పాతకాలం చదువుకున్నవాళ్ళు ఎవరిదైనా సరే ఏరి, భక్తిగా విడిగా కాల్చేవారని. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని నన్ను మొట్టిన అమ్మకి ఈ మాట చెప్పాను.

"ఆయనకి తెలుగు రాదుగా" అంది.

"ఒక్క ముక్క రాదు."

నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది. సాంగ్ కాలం సంగతులు పుస్తకాల్లోనే చదువుకున్నాను. మా కారిడార్‌లో ఇప్పుడు పీటలు లేవు, సిరా వాసన లేదు. నా కూతురు దిద్దిన తెలుగు కాగితాలు మాత్రం చెత్తలో వేయడానికి చేతులు రాక బిస్కట్ డబ్బాలో కుక్కుతున్నాను. కాల్చాలనే ఉంటుంది. పక్క ఫ్లాట్ ఆవిడ చూసి ఏమనుకుంటుందోనని మూత పెట్టేస్తాను.