వంటమనిషి చదివిన ఆత్మకథ

నెల్లికుదురు దాటి రెండు కిలోమీటర్లు పోయిందో లేదో, బస్సు టైరు పోయింది. జనగామలో ఎక్కినప్పటి నుంచి ఒళ్లో పెట్టుకున్న కాగితాల కట్టతో సహా దిగి, జగపతి సారు కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. కూరగాయల సంచీతో దిగిన ఒక నడివయసు ఆడమనిషి పక్కనే కూచుని ఆ కట్ట వంకే చూస్తోంది.

"ఏం పుస్తకం సారూ గది?"

"ఇంక పుస్తకం కాలేదు బిడ్డా. నా జీవితకథ. అచ్చుకు పోవాలె."

"జర ఇయ్యరాదున్రి. టైరు మార్చేదాక సదువుత."

ఇచ్చాడు. చదువుతానన్నవాళ్లను కాదనడం ఆయనకు పంతులు ఉద్యోగంలో ఉన్నప్పుడూ చేతకాలేదు, దిగిపోయాకా చేతకాలేదు.

ఆమె పేరు రాధాబాయి. ఇదే రోడ్డు మీద ముందున్న ఊళ్లో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. పిల్లలకు పరీక్షల పుస్తకాలతోనే సరిపోతుంది. హాస్టలుకొచ్చే నవలలు, ఆత్మకథలు పప్పు బస్తాల పక్కన పడి ఉంటాయి. పద్నాలుగేళ్లుగా వాటిని తెరిచింది ఆమె ఒక్కతే. సెలవు రోజు తండాకు పోయి, మిరపకాయల తొడిమలు తీస్తూ తల్లి గంగికి ఆ కథల్ని తమ ఇంటి భాషలో చెబుతుంది. నచ్చకపోతే గంగి "ఇగ చాలు, కాయల మీద చూపు పెట్టు" అంటుంది. అంత నిక్కచ్చి సమీక్ష ఏ పత్రికలోనూ రాదు.

"ఇప్పటి నవలలెట్లున్నయి మరి?" సారు నవ్వుతూ అడిగాడు.

"మంచిగనే రాస్తున్నరు సారూ. మొదటి పేజీలనే వాన పడతది. గని ఒక్కల మిర్చి సుత తడవది."

సారు పకపకా నవ్వాడు.

"జీవితకథలే నయం. మా తండ ఆడోళ్లు చానా రోజులకు కలిస్తె మెడలు పట్టుకొని, ఏడ్సుకుంట, పాట లెక్క సంగతులన్ని చెప్పుకుంటరు. గట్లుండాలె. రాసెటోళ్లు కొందరు ఎవల మెడ పట్టుకొని ఏడుస్తున్నరో తెల్వనే తెల్వది. మీరెవల కోసం రాసిన్రు?"

"మా అక్క కోసం. ఆమె తానికే పోతున్న. ముందుగాల తనకు సదివి వినిపియ్యుమన్నది. ఆమె బాగుందంటెనే అచ్చు, లేకుంటె లేదు."

రాధాబాయి రెండు పేజీలు వెనక్కి తిప్పింది.

"మీ అమ్మ మూడేండ్లు మంచంల వడ్డది. బాపు పొద్దుగాల పొలం పోతె మాపటికొచ్చెటోడు. మీరు దినాం డబ్బ పట్టుకొని బడికి పోయిన్రు. మరి గా డబ్బల అన్నం ఎవలు వండిన్రు?"

జగపతి ఆ పేజీని చేతిలోకి తీసుకున్నాడు. విజయలక్ష్మక్క అప్పుడు తొమ్మిదో తరగతి. ఒకరోజు నుంచి బడికి రాలేదు, అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. నూట ఎనభై పేజీల్లో అక్క కనిపించేది రెండే చోట్ల, ఆమె పెళ్లిలోనూ బాపు చావులోనూ.

"తప్పువట్టకున్రి సారూ. వంటమనిషిని గద, నా కండ్లు గటే పోతయి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి పేజీ అంచున 'అక్క' అని రాసి ఆగిపోయాడు. మూడేళ్లు తిన్న అన్నం. అందులో ఏం కూర ఉండేదో ఒక్కటీ గుర్తుకు రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"యాదికొస్తలేదు బిడ్డా."

"నాకేమెరుక? అక్కనే అడుగున్రి. ఆమెకు యాదుంటది."

"కోపం జేస్తదేమో."

"కోపమైతె సదివి వినిపియ్యుమంటదా? ఏం పంతులు సారువయ్యా!"

సారు తల వంచుకుని, అదే అంచున చిన్న అక్షరాలతో రాశాడు: అక్కా, డబ్బల నాకేం కూర పెడ్తుంటివి? ఇది సరేనా అని చూపించబోతే పక్కన మిగతా కాగితాలు మాత్రమే ఉన్నాయి, గాలికి ఎగరకుండా రాయి పెట్టి. హాస్టల్లో సాయంత్రం ఎసరు పెట్టే వేళ దగ్గరపడినట్టుంది. రాధాబాయి సంచీ చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా, అప్పటికే రోడ్డు మలుపు దాకా నడిచిపోయింది.