కొమురయ్యకు పడని తిండి

ముందే ఒప్పుకుంటున్నాను: నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. చీమ కుట్టిందని మొదలుపెడితే ముగించేసరికి అది తేలు అయి ఉంటుంది. నా భార్య నేను చెప్పే ఏ లెక్కనైనా మూడుతో భాగించి వింటుంది. మీరూ అలాగే వినండి; కల్పించిందేదో చివర్లో నేనే చెబుతాను. రక్తపరీక్షల రిపోర్టుల్లో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క అంకె పెంచలేదు. ఆ లోటంతా బయట తీర్చుకుంటున్నాను.

ఇది 2012 ఎండాకాలం సంగతి. గోదావరిఖని చౌరస్తా వెనక సందులో నా ల్యాబ్. ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, ఒక బెంచీ. పేషెంటు చెయ్యి చాపితే నేను సందులోకి జరగాలి. ఆ ఏడు ఎండ ఎలాంటిదంటే, థర్మామీటరు పేషెంటు నోట్లోంచి బయటికి తీశాక జ్వరం ఇంకా పెరిగేది.

ఒక మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ముందు కొమురయ్య. కమాన్‌పూర్ వైపు పల్లెనుంచి వచ్చి గనిలో టింబర్‌మన్‌గా చేస్తున్నాడు. అంటే బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. మా గుమ్మంలో నిలబడితే సందులో ఉన్నవాళ్ళకు పొద్దుగూకినట్టు అనిపించేది. ఆయన వెనక భార్య సమ్మక్క. ఆమె వెనక, చంకలో అట్టపెట్టెతో ఆమె తమ్ముడు శ్రీను. ఆ రోజుల్లో శ్రీను ఇల్లిల్లూ తిరిగి బలం పొడులు, నడుంనొప్పి బెల్టులు అమ్మేవాడు.

కొమురయ్యకు కొన్ని నెలలుగా డ్యూటీలో ఉండగా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తున్నాయి. ఒక్కో దద్దురు అప్పడమంత. పెదాలు ఉబ్బుతాయి, కళ్ళు తిరుగుతాయి. వారం కిందట దుంగ ఎత్తి పట్టుకుని ఉండగానే కూలబడ్డాడు. పక్కనున్న పోశం అనే పెద్దాయన భుజం అడ్డం పెట్టి ఆపకపోతే ఇద్దరూ దాని కిందే ఉండేవాళ్ళు. అప్పడం సంగతి పక్కన పెడితే ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.

"దవాఖాన్ల గోలీలు ఇచ్చిండ్రు సారూ," అంది సమ్మక్క. "ఏసుకున్న పూట తగ్గుతది, మల్ల అదే కథ. ఈయన బాయిల దిగిన కాన్నుంచి ఎక్కేదాక నా పానం నా తాన ఉండదు." మా దగ్గర గనిని బాయి అనే అంటారు.

శ్రీను పెట్టె బెంచీ మీద పెట్టాడు. "బావకు ఏదో తిండి పడుతలేదు సారూ. గీ కిట్టుతోని ఇంట్లనే టెస్టు చేసుకోవచ్చు. కార్డు మీద ఒక్క చుక్క రక్తం, కొరియర్ల పంపుడే. తొంభై తీర్ల తిండ్లు చూస్తరట."

"ఇంట్లోనే చేసుకోవచ్చు కదా, మరి ఇక్కడికెందుకు వచ్చారు?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఎవలు పొడవాలె సారూ?" అంది సమ్మక్క. "సూదిని చూస్తె ఈయన గోదావరి దాటి నస్పూర్ దాక ఉరుకుతడు."

"కప్పు మీదికొస్తె పక్కకు జరుగచ్చు," అన్నాడు కొమురయ్య గంభీరంగా. "సూది మీదికొస్తె యాడికి జరగాలె?"

కిట్టులో ల్యాన్సెట్ ఉంటుంది. వేలి కొసన పొడిచే చిన్న మొన, అంతే. పొడిచాను. ఆ కేకకు సందు చివర చాయ్ దుకాణంలో గ్లాసులు పగిలాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితమట, పెట్టెలో ఇంకో కార్డు మిగిలింది. "ఉత్తగ ఎందుకు పోవాలె, మీరు గూడ చేసుకోండ్రి సారూ," అన్నాడు శ్రీను. ఉచితమంటే నేను గుండె ఆపరేషనైనా చేయించుకునే రకం. నా చుక్క కూడా పంపాను.

కొన్ని వారాలకు రిపోర్టులు వచ్చాయి. పడనివి ఎరుపు, పడేవి పచ్చ. కొమురయ్య కాగితం చూస్తే బతుకమ్మ పేర్చినట్టుంది. అన్నం ఎరుపు, కందిపప్పు ఎరుపు, చింతపండు ఎరుపు, గుడ్డు, పెరుగు, పల్లీలు అన్నీ ఎరుపే. పచ్చగా ఉన్నవి గోధుమలు, ఆలివ్ కాయలు, సాల్మన్ అనే సముద్రపు చేప, మా ఊరి మార్కెట్టు ఎన్నడూ చూడని మరికొన్ని.

"గీ సాల్మన్ మన గోదావరిల పడుతదా సారూ?" అని అడిగాడు కొమురయ్య.

"పడాలంటే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ రావాలె బావా," అన్నాడు శ్రీను. "నువ్వు చపాతి తిను. అది పచ్చగనే ఉన్నది."

ఆ రోజునుంచి కొమురయ్యకు మూడు పూటలా చపాతీ, ఉప్పు. మధ్యలో నీళ్ళు.

ఇక్కడ బాయి లోపల సద్ది తినే పద్ధతి గురించి చెప్పాలి. పని మధ్యలో అందరూ గుండ్రంగా కూర్చుని డబ్బాల మూతలు తీసి మధ్యలో పెడతారు. ఒకరి పచ్చిపులుసు, ఒకరి చేపల కూర, ఒకరి పప్పు అందరి మెతుకుల్లో కలిసిపోతాయి. ఎవరి దుంగ ఎవరి ప్రాణం ఆపుతుందో తెలియని చోట, ఈ కూర ఎవరిదని అడగడం మర్యాద కాదు. కొమురయ్య ఆ గుంపులోంచి లేచి గోడవైపు తిరిగి ఒంటరిగా చపాతీ నమలడం మొదలుపెట్టాడు.

"పోశం కాక మొహం మాడ్చుకున్నడు సారూ," అని చెప్పాడు తర్వాత. "'ఏందిరా, మా ఇండ్లల్ల కూర నీ నోటికి చేదైందా?' అన్నడు. కాగితం సంగతి చెప్తె ఒక్కడు గూడ నమ్మలే."

పోనీ ఒళ్ళయినా బాగుపడిందా అంటే, అదీ లేదు. ఇదివరకు అప్పుడప్పుడు లేచే దద్దుర్లు ఇప్పుడు దాదాపు ప్రతి షిఫ్టులో లేస్తున్నాయి. పైగా మనిషి సగమయ్యాడు. మా గుమ్మంలో నిలబడితే అటూ ఇటూ వెలుతురు రావడం మొదలైంది. ఇంకోసారి కూలబడి పైకి మోసుకొచ్చాక, గని అధికారులు అతన్ని డాక్టర్లు తేల్చేదాకా కిందికి దింపేది లేదన్నారు. అండర్‌గ్రౌండ్‌కు అన్‌ఫిట్ అని రాస్తే ఇక ఆ గుంపులో కూర్చునే యోగం జన్మలో లేదు.

సమ్మక్క రిపోర్టు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. వెనకే మొగుడు, తమ్ముడు.

"దీన్ల ఎర్రగున్నయన్ని బంద్ పెట్టిన సారూ. పెరుగు బంద్, పప్పు బంద్. కల్లు గూడ బంద్ అన్న. ఎట్ల తగ్గదు?"

"అక్కా, ఇంక కొన్ని దినాలు చూడాలె," అని గొణిగాడు శ్రీను.

"నువ్వు నోరు మూస్కో. ఇంక కొన్ని దినాలైతె మీ బావను గూడ మడతపెట్టి నీ అట్టపెట్టెల పెట్టచ్చు."

అప్పుడు నా రిపోర్టు గుర్తొచ్చింది. అప్పటిదాకా విప్పి చదవనే లేదు. చదివితే నాకూ అన్నం ఎరుపు, కందిపప్పు ఎరుపు, పాలు ఎరుపు! నేను మూడు పూటలా అన్నం తిని, ఆ మూడింటి మధ్య ఎనిమిది చాయ్‌లు తాగే మనిషిని. దద్దురు మాట అటుంచి నాకు తుమ్ము కూడా రాదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. మా ఇద్దరికీ ఎర్రగా ఉన్నవి మేం రోజూ తినేవే. పచ్చగా ఉన్నవి ఎక్కువగా మేం మొహం చూడనివి.

ఆ రెండు కాగితాలతో నలుగురం దవాఖానకు వెళ్ళాం. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేవారు. మాటలు తక్కువ, వినడం ఎక్కువ. రెండూ చూసి కొమురయ్యను అడిగారు.

"మీ బాయిల మస్టర్ ఉంటది కదా?" మస్టర్ అంటే హాజరు రాసే పుస్తకం.

"ఉంటది మేడం."

"రోజూ వచ్చేటోళ్ళ పేర్లు దాన్ల ఉంటయి. ఉన్నంత మాత్రాన వాళ్ళు దొంగలా?"

"ఎట్లయితరు మేడం?"

"ఈ కార్డు చూసింది రక్తంల ఉండే ఐజీజీ అనేదాన్ని. అది మీ కడుపు మస్టర్. ఏం తింటున్నవో చెప్తది, అంతే. దొంగను పట్టేది ఐజీఈ అని వేరే ఉంటది. అయితే దాన్ని గూడ ఎవరి మీద అనుమానమో చెప్పి పంపాలె. ఇప్పుడు చెప్పు, ఇవి ఎప్పుడెప్పుడు లేస్తున్నయి?"

"డ్యూటీలనే మేడం," అంది సమ్మక్క. "ఇంట్ల ఉంటె ఏం కాదు. ఐతారం గూడ గవ్వే చపాతీలు తింటడు, పంటడు, గుర్రు కొడ్తడు. ఒక్క దద్దురు లేవది. అందుకే బాయి గాలి పడుతలేదేమో అనుకున్న."

"ఇంట్ల ఒక్కసారి గూడ రాలేదా?"

సమ్మక్క కొంచెం ఆలోచించింది. "మొన్నటి ఐతారం ఒక్కసారి లేసినయి. గదంత వీనివల్లనే," అని తమ్ముడి వైపు చూసింది. "చపాతీలు తిని చెయ్యి కడిగిండో లేదో, వీని బండ్ల పెట్రోల్ అయిపోయింది. బావ నూకుకుంట బంకు దాక పోయిండు. ఆడికి పోయేటాళ్ళకు ఒళ్ళంత దద్దుర్లు."

"పెట్రోల్ వాసనకేమో అక్కా," అన్నాడు శ్రీను.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపారు. "బండి ఎంత దూరం నూకినవ్?"

"చానా దూరం మేడం. మీదికెల్లి వీడు బండి మీదనే కూసున్నడు."

"హ్యాండిల్ పట్టుకోవాలె కద బావా!"

"ఈ కిట్టు రాకముందు, డ్యూటీకి ముంగట ఏం తినేటోనివి?" డాక్టరమ్మ శ్రీనును పట్టించుకోలేదు.

"క్యాంటీన్ల ఏదుంటె అది. ఇడ్లి ఉంటె ఇడ్లి, పూరి ఉంటె పూరి."

"దుంగతోని కూలబడ్డ దినం?"

కొమురయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పూరి మేడం. పోశం కాక ఆయనయి గూడ నాకే ఏసిండు."

అప్పుడు ఆవిడ విప్పి చెప్పారు. కొందరికి గోధుమ తింటే ఏమీ కాదు, పనిచేసినా ఏమీ కాదు. గోధుమ తిని వెంటనే ఒళ్ళు వంచి పనిచేస్తే మాత్రం ఒంట్లో అగ్గి రాజుకుంటుంది. అరుదు, కానీ ప్రాణం మీదికి వస్తుంది. అన్నం మానిపించి చపాతీ పెట్టి, ఆ కాగితం కొమురయ్యను సరిగ్గా దొంగ చేతికే అప్పగించింది. గోధుమకు ఐజీఈ పరీక్ష రాశారు. రక్తం నేనే తీసి హైదరాబాదు పంపాను. ఈసారి కేకకు చాయ్ దుకాణంవాడు ముందే గ్లాసులు లోపల పెట్టుకున్నాడు. ఫలితం ఆవిడ అనుకున్నట్టే వచ్చింది.

"గోధుమ మొత్తం బంద్," అన్నారు డాక్టరమ్మ. "అన్నం, పప్పు, పెరుగు అన్నీ తిను. కొన్ని దినాలు బాయిల దిగకుండ మీదనే డ్యూటీ చెయ్యి. గోలీలు జేబుల ఉండాలె. మల్ల ఏమన్న లేస్తె జల్ది దవాఖానకు రావాలె. మంచిగుంటె అప్పుడు కిందికి పంపుడు చూద్దాం."

సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శ్రీను తల దించుకున్నాడు. "బావా, మంచిగైతదనే తెచ్చిన."

"ఎరుకేరా," అని కొమురయ్య అతని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. "నీ కిట్టు చెప్పలేకున్న నీ డొక్కు బండి చెప్పింది. ఇయ్యాల్టి సంది కిట్లు బంద్ పెట్టి బండే అమ్ము." శ్రీను కిట్లు మానేశాడు. ఆ తర్వాత అతని బండిలో పెట్రోల్ ఎప్పుడూ అయిపోలేదు.

కొన్ని నెలలు మీద డ్యూటీ చేసి, డాక్టర్లు సరే అన్నాక కొమురయ్య మళ్ళీ దిగాడు. ఆ రోజు సద్ది వేళ నేను అక్కడే ఉన్నాను. టోపీ దీపాల వెలుగులో గుండ్రంగా మనుషులు, మధ్యలో నలభై డబ్బాలు. కొమురయ్య గోడ దగ్గర్నుంచి లేచి వచ్చి తన డబ్బా మధ్యలో పెట్టాడు. అన్నం, గంగవాయిలి కూర పప్పు. పోశం కాక ముందు ముద్ద తీసుకుని, "ఉప్పు తక్కువైందిరా," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

ఆ కేసు తర్వాత నా ల్యాబ్‌లో ఒక అలవాటు వచ్చింది. దద్దుర్లని ఎవరు వచ్చినా, సూది తీసేముందు కుర్చీ జరిపి, "తిన్నాక ఏం చేసినవ్?" అని అడుగుతాను. రక్తం చుక్కకు చాలా తెలుసు. మనిషి ఎవరి బండి తోసుకుంటూ వెళ్ళాడో దానికి తెలియదు.

ఇక మాట ఇచ్చినట్టు, ఇందులో నేను కల్పించిందేదో చెప్పాలి. గ్లాసులు పగలడం కాదు, అది నిజంగా ఒకటి పగిలింది. కల్పించింది ఆ సద్ది వేళ నేనక్కడ ఉన్నానన్నది. బయటివాణ్ణి బాయిలోకి ఎవరు దింపుతారు? నేను ఈ జన్మలో గనిలో కాలు పెట్టలేదు. ఆ ముచ్చట కొమురయ్య అదే రోజు షిఫ్టు దిగి, మొహాన బొగ్గు కూడా కడుక్కోకుండా మా ల్యాబ్‌కు వచ్చి చెప్పాడు. నాకోసం డబ్బాలో రెండు ముద్దలు ఆపి తెచ్చాడు. తిన్నాను. పోశం కాక చెప్పింది నిజమే, ఉప్పు కొంచెం తక్కువైంది.