వెనక గోడ దగ్గరి ఇంటిబండి

రెన్స్కె పదిహేడేళ్లుగా ప్రతి అక్టోబరులో తన ముంగిట్లో తులిప్ దుంపలు నాటుతోంది. పదిహేడేళ్లలో ఒక్క పువ్వు కూడా కళ్లారా చూడలేదు. చూసేది పక్కింటావిడ. చూసి ఊరుకోకుండా ఫోటో తీసి, ఎక్కడో ఫ్రాన్స్ దక్షిణాన గుడ్డకుర్చీలో కూర్చున్న రెన్స్కెకి పంపుతుంది. "మీ పూలు ఈసారి చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు" అని కింద రాస్తుంది కూడా. ఆ ముక్క చదివినప్పుడల్లా రెన్స్కెకి ఒళ్లు మండుతుంది.

ఇదంతా మొగుడు బౌకె నిర్వాకం. ఫ్రీస్లాండ్‌లోని తమ ఊళ్లో ఒక కాలవ మీద వంతెన ఎత్తే ఉద్యోగం నలభై ఏళ్లు చేశాడాయన. మీట నొక్కితే వంతెన లేస్తుంది, కార్లన్నీ ఆగుతాయి. వదిలితే దిగుతుంది, పడవలన్నీ ఆగుతాయి. జనాన్ని ఆపే అధికారం అంతకాలం చేతిలో ఉన్నవాడు రిటైరయ్యాక ఊరికే ఉంటాడా? కారు వెనక మంచం, పొయ్యి అన్నీ ఉన్న ఒక ఇంటిబండి తగిలించాడు. మార్చి ఆఖర్న అందరికంటే ముందు ఊరు దాటాలి, అక్టోబరులో అందరికంటే వెనక తిరిగి రావాలి. ఇదీ ఆయన దీక్ష.

ఎందుకంటే చలికాలమంతా ఆ ఊరి ఇంటిబళ్లన్నీ వీబె అనే రైతు కొట్టంలో ఉంటాయి. అక్టోబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం తలుపు తీస్తాడు, మర్నాడు శనివారం పన్నెండింటికి మూసేస్తాడు. ముందొచ్చిన బండిని ట్రాక్టరుతో నెట్టి వెనక గోడకి ఆనిస్తాడు. దాని ముందు ఇంకోటి, దాని ముందు ఇంకోటి, మధ్యలోంచి పిల్లి కూడా దూరలేనంత ఇరుకుగా. ఆఖరున లోపలికెళ్లినది వసంతంలో ముందు బయటికొస్తుంది. వెనక గోడ దగ్గరున్నది మే నెల నడిమికి గానీ వెలుగు చూడదు. అందుకని శుక్రవారం ఒక్కడూ రాడు. శనివారం పదకొండున్నరకి ముప్ఫై బళ్లు సందు మలుపులో నిలబడి "మీరు పదండి", "అబ్బే, మీరే పదండి" అని మర్యాదలు పోతుంటాయి. పదిహేడేళ్లుగా ఆఖరి నిమిషంలో లోపలికి దూరేది బౌకె.

ఈసారి తిరుగు ప్రయాణంలో అదే ఊరి చిబ్బె కూడా తన బండితో తోడొచ్చాడు. తోడంటే తోడు కాదు, కాపలా. ఒకరు కదిలితే గానీ ఇంకొకరు కదలరు. గురువారం పొద్దున ఫ్రాన్స్ ఉత్తరాన ఒక విడిదిలో, ద్రాక్ష ఆకులు ఎర్రబడి రాలుతుంటే, ఇద్దరు ముసలాళ్లూ బళ్ల దగ్గర తచ్చాడుతున్నారు.

"ఏం చిబ్బె, బయల్దేరవా? పొద్దెక్కింది."

"నువ్వు పద. నేను టైర్లో గాలి చూసుకోవాలి."

"ఇందాకే చూశావుగా?"

"అప్పుడు చల్లగా ఉంది. నువ్వు ఆ అద్దం తుడవడం మూడోసారి కదూ?"

గిన్నెలు కడిగే తొట్టి దగ్గర వాళ్ల పెళ్లాలు ఇదంతా వింటున్నారు.

"చూశావా అక్కా, ఏడుపదులు దాటినా బుద్ధి రాలేదు," అంది చిబ్బె భార్య ఆల్యె. "మావాడికి చచ్చేలోపు ఒక్క వసంతమైనా మీవాడికంటే ముందు బయల్దేరాలట. నిద్రలో కూడా అదే కలవరింత."

రెన్స్కె తడి చేతులు తుడుచుకుని సంచిలోంచి ఒక పొట్లం తీసింది. "ఇది తీసుకుపో. మీవాడి కోరిక తీరుతుంది."

"కాఫీయా? మరి మీకో?"

"ఇదే ఆఖరిది. మా ఇంటిపెద్ద ఊరి కాఫీ తప్ప ముట్టడు. ఫ్రాన్సువాడి కాఫీ అంటే ఆయనకి బురదనీళ్లతో సమానం. మీరు నెమ్మదిగా రండి."

ఆల్యె ఒక్క క్షణం ఆలోచించి, పొట్లాన్ని ఏప్రన్ కింద దాచేసింది. ఆడవాళ్లకి అంతకంటే ఒప్పందపత్రం అక్కర్లేదు.

మర్నాడు, శుక్రవారం, తెల్లారగట్ల అదే విడిదిలో బౌకె కాఫీ డబ్బా మూత తీసి చూశాడు. తిరగేశాడు. అడుగు తట్టాడు.

"ఏమే, కాఫీ ఏది?"

"అయిపోయింది."

"అయిపోవడమేమిటి? ఏడు నెలలకి లెక్క చూసి తెచ్చాను!"

"ఏడు నెలలకే తెచ్చావు. ఏడు నెలలూ అయ్యాయి. చిబ్బెనడిగి రెండు చెంచాలు తీసుకురానా?"

"చిబ్బెనా? వాడి ముందు చెయ్యి చాపాలా? బండెక్కు!"

చిబ్బె బండి తెరలు ఇంకా మూసే ఉన్నాయి. బౌకె అదీ చూడలేదు. పొగమంచులో బెల్జియం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. సాయంత్రానికి ఫ్రీస్లాండ్ పొలాల్లో చక్కెరదుంపల గుట్టలు కనబడేసరికి ఆయన తల పగిలిపోతోంది.

"వీబె ఇల్లు దారిలోనేగా," అంది రెన్స్కె, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఓ కప్పు తాగి పోదాం. బండి రేపటిదాకా వాకిట్లో పెట్టుకోవచ్చు."

వీబె భార్య కాఫీ పోసి, బిస్కెట్ డబ్బా తెరిచి, ఆ ఊరి మర్యాద ప్రకారం ఒక్కటంటే ఒక్కటి ఇచ్చి, మూత బిగించింది. మొదటి గుక్కకి బౌకె కళ్లు మూసుకున్నాడు. రెండో కప్పు అడిగాడు. ఆ రెండు కప్పుల మధ్యలో వాకిట్లో రెన్స్కె, వీబెతో నాలుగు మాటలు మాట్లాడింది.

ట్రాక్టరు చప్పుడికి బౌకె లేచి పరిగెత్తాడు. ఖాళీ కొట్టంలో, వెనక గోడకి ముక్కు ఆనించి, ఆయన ఇంటిబండి ఒంటరిగా నిలబడి ఉంది.

"ఏయ్ వీబె! దాన్ని బయటికి లాగు! నేను రేపు రావాలి!"

వీబె టోపీ వెనక్కి నెట్టాడు. "లోపలికెళ్లిన బండి దాని వంతొస్తేనే బయటికొస్తుంది బౌకన్నా. నా పెళ్లికి మేం పడవలో వెళ్తుంటే నీ వంతెన దగ్గర గంటసేపు ఆపేశావు, గుర్తుందా? పెళ్లికొడుకుని బాబూ అని బతిమాలితే ఏమన్నావు?"

ఏమన్నాడో బౌకెకి గుర్తుంది. నలభై ఏళ్లు రోజుకి పదిసార్లు అన్న మాటే.

"వంతంటే వంతే," అన్నాడు చివరికి, గొణుగుతూ.

ఇంటికి వెళ్లేదాకా రెన్స్కెతో మాట్లాడలేదు. మూడు వారాలు మాట్లాడలేదు. ఆమెకి దుంపలు నాటడానికి ఆ నిశ్శబ్దం బాగా కలిసొచ్చింది.

మార్చి ఆఖర్న చిబ్బె హారను మోగించుకుంటూ ఊళ్లోంచి వెళ్లిపోయాడు. బౌకె కిటికీ తెర వెనక నిలబడి చూసి, ఆ రోజు అన్నం ముట్టలేదు. ఏప్రిల్ మూడో వారంలో పూలు విచ్చుకున్నాయి, ఎర్రవీ పసుపువీ. రెన్స్కె పొద్దున్నే కోటు వేసుకుని, కుర్చీ ముంగిట్లో వేసుకుని కూర్చుంది. కాసేపటికి బౌకె ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ ఎర్రవి కాస్త ఎడంగా నాటాల్సింది," అన్నాడు.

"వచ్చే అక్టోబరులో ఎడంగా నాటుతాలే."

ఆయన కాలితో మట్టి గీకాడు. "అయితే వచ్చే అక్టోబరు కూడా శుక్రవారమే వద్దామంటావా?"

రెన్స్కె లోపలికెళ్లి రెండు కప్పుల కాఫీ పట్టుకొచ్చింది.