కాణిపాకంలో చెప్పలేని మాట

మా నాయన తిరుపతిలో టాక్సీ నడుపుతాడు. కొండ మీద దర్శనం అయినవాళ్లను శ్రీకాళహస్తికీ కాణిపాకానికీ తిప్పుకొస్తాడు. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, అమెరికాలో పెద్ద కాలేజీలకు డిగ్రీకి అప్లికేషన్ పెడతానంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఎంత ర్యాంకు రావాలని. ర్యాంకు ఉండదంటే నమ్మలేదు. ర్యాంకు చూడకుండా సీటు ఎట్లా ఇస్తారో నాకూ సరిగ్గా అర్థం కాలేదు.

అప్లికేషన్లు పెట్టించే కన్సల్టెన్సీ ఆయన మాత్రం తేల్చి చెప్పాడు. మార్కులు అందరికీ ఉంటాయట. బయటి దేశాల పిల్లల్లో గుప్పెడు మందినే తీసుకుంటారట, ఫీజుకు సాయం అడిగేవాళ్లంటే చాలా కాలేజీలు ఇంకా వెనకాడతాయట. సాయం లేకుండా మాకు కుదిరే పనే కాదు. కాబట్టి అప్లికేషన్లో చూపడానికి నాకొక సమాజసేవ ఉండాలన్నాడు. తనే కూర్చుని, నేను రెండేళ్లుగా ఆదివారాలు పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్ల పిల్లలకు చదువు చెబుతున్నానని అప్లికేషన్లో చేర్చాడు. నేను పులికాట్ చూసింది ఒక్కసారి, స్కూలువాళ్లు ఫ్లెమింగోలను చూపించడానికి తీసుకుపోయినప్పుడు. ఆ రోజు బస్సులో వాంతులు చేసుకోవడం తప్ప నేను ఎవరికీ ఏ సేవా చేయలేదు.

అందరూ ఇట్లాగే రాస్తారని, ఎవరూ వచ్చి చూడరని ఆయన అన్నాడు. నిజమేనేమో. కానీ గడువు దగ్గర పడేకొద్దీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ల్యాప్‌టాప్ తెరవడం, ఆ వాక్యం చదవడం, మూసేయడం. ఒకచోట కూర్చోమని అమ్మ విసుక్కునేది.

గడువుకు ముందు నాయన కాణిపాకం పోదామన్నాడు. అక్కడి వినాయకుడి ముందు అబద్ధమాడితే ఊరుకోడని మా వైపు నమ్మకం. గట్టు తగాదా అయినా, తాగుడు మానతాననే మాట అయినా, కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ఎదుట ప్రమాణం చేస్తే ఇక దానికి తిరుగులేదు. నాయన దారి పొడవునా యాత్రికులకు ఈ సంగతే చెబుతాడు. చిన్నప్పటి నుంచి సెలవుల్లో ముందు సీట్లో కూర్చుని, ఆయన మాటను హిందీలోనూ తమిళంలోనూ వాళ్లకు చెప్పేది నేనే.

ఆ రోజు వరుసలో మా ముందు ఇద్దరు అన్నదమ్ములు తడిబట్టలతో వణుకుతూ నిలబడ్డారు. ఏదో పొలం గొడవట. వాళ్లను చూసి, అప్లికేషన్లో ఏముందో తెలియని నాయనకు ఆలోచన వచ్చింది.

"నువ్వు కూడా సెప్పుకో పాపా, రాసిందంతా నిజమేనని. మిగిలింది సామి సూసుకుంటాడు."

వరుస కదులుతూనే ఉంది. చివరికి ఆయన చెయ్యి పట్టుకుని, అప్లికేషన్లో రాసిన పులికాట్ సంగతి అబద్ధమని చెప్పేశాను. నాయన తిట్టలేదు. గర్భగుడి కనబడుతుండగా నన్ను వరుసలోంచి బయటికి లాక్కొచ్చి, దర్శనం లేకుండానే బండెక్కించాడు. చంద్రగిరిలో టీ తాగడానికి ఆపి, ఆ అబద్ధాన్ని తీసెయ్యమన్నాడు.

తీసేశాను. దాని చోట టాక్సీలో నాయన మాటలను యాత్రికులకు వాళ్ల భాషలో చెప్పడం గురించి రాశాను. అది ఇంటిపని, దానికి సీటు ఎవరిస్తారని కన్సల్టెన్సీ ఆయన నవ్వాడు. అయినా పంపేశాను.

ఒక్కొక్క కాలేజీ కాదంటూ వచ్చింది. ఒకటి మాత్రం వెయిటింగ్ లిస్టులో పెట్టింది. ఔననీ కాదనీ తేలక ఎండాకాలమంతా ఫోను చేతిలోంచి దించలేదు. చివరికి అదీ కాదంది. కారణం ఎవరూ చెప్పరు. పులికాట్ ఉంటే వచ్చేదా, ఉన్నా వచ్చేది కాదా? ఇప్పుడు తిరుపతిలోనే డిగ్రీ చదువుతున్నాను, ఆ కన్సల్టెన్సీ గోడ మీద సీటు వచ్చిన పిల్లల ఫొటోలు కనబడితే ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు.

ఆ చివరి జవాబు వచ్చిన సాయంత్రం నాయన బండి తుడుస్తున్నాడు. చెబితే విని, చాలాసేపు అద్దాన్నే తుడిచాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆ పొద్దు నేను నిన్ను కాణిపాకం పిల్చుకోని పోకుండా ఉండాల్సింది పాపా."

ఆ స్వామి పేరు చెప్పుకుని బతుకుతున్న మనిషి అన్న మాట అది. కాలేజీలన్నీ కాదన్నా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.