సిగ్నల్ దొరికాకే పరుగు

వేకువన పలాస వీధుల్లో పరుగెత్తుతుంటే జీడిపిక్కలు కాల్చిన పొగ ఘాటుగా తగిలింది. అంతలోనే మణికట్టు మీద గడియారం జుయ్యిమంది. కామేశ్వరి టీచర్ గుర్తొచ్చారు. ఆవిడ మా వీధిలో ఉండే రిటైరైన డ్రిల్లు టీచరు. ఇప్పుడు లేరు. నేను కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న రోజుల్లో, ఎవరూ అడగకుండానే, చీర మీద కాన్వాసు బూట్లు తొడుక్కుని వచ్చి నాకు పరుగు నేర్పుతానన్నారు.

మేనకోడలు కొనిచ్చిన జీపీఎస్ గడియారం ఆవిడకు ప్రాణం. ఎంత దూరం, ఎంత వేగంగా పరుగెత్తామో ఉపగ్రహాల సాయంతో అదే చెబుతుంది. సిగ్నల్ దొరికేదాకా నన్ను అడుగు కదపనిచ్చేవారు కాదు. ఒకరోజు కాశీబుగ్గ రోడ్డు మీద గడియారం పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. ఆటో వచ్చి ఆగింది.

“ఎక్కడికెల్లాలమ్మా?”

“సేటిలైటు కోసం సూత్తన్నాను నాయనా.”

“అది ఇటు రాదమ్మా. టెక్కలి వరకైతే ఎక్కండి” అన్నాడు ఆటో అబ్బాయి.

మరోసారి అక్కుపల్లి దారిలో, గడియారం నా చేతికి కట్టి ఆవిడ పక్కన నడుస్తున్నారు. జీడితోటలోంచి ఎలుగుబంటి రోడ్డెక్కింది. ఇద్దరం వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాం. మోకాళ్ల నొప్పులున్న టీచర్ నాకంటే ముందే ఎవరిదో అరుగు ఎక్కేశారు. ఊపిరి కుదుటపడ్డాక గడియారం చూస్తే, ఇదివరకెన్నడూ లేనంత వేగమని బహుమతి కప్పు బొమ్మతో మెచ్చుకుంటోంది.

“ఇంత పరుగు కాళ్లలో దాసుకుని, ఇన్నాళ్లూ నాకాడ ఆయాసం నటించినావేటే?”

“ఎలుగొచ్చింది కదండీ, టీచర్ గారూ.”

“గడేరానికి ఎలుగు తెలీదే. రేపట్నుంచి ఇదే నీ లెక్క.”

ఎంపిక రోజున శ్రీకాకుళం మైదానం గేటు దగ్గర ఆ గడియారం తీసేయమన్నారు. పట్టీ విప్పుతూ టీచర్ వైపు చూశాను.

“అది లేకుండా ఎంత జోరుగా పోవాలో నాకెలా తెలుస్తాదండీ?”

“నీ ముందున్న పిల్లని సూసుకో” అన్నారు టీచర్, గడియారం అందుకుంటూ.

ఆ పిల్లనే చూస్తూ పరుగెత్తి, మలుపులో కాలు మడతపడి బోర్లా పడ్డాను. లేచాను. మోకాలు చెక్కుకుపోయి మండుతున్నా ఆగలేదు. గడువు ముగుస్తుండగా గీత దాటాను. అర్హత పొందినవాళ్లలో చిట్టచివరి దాన్ని. బయటికొచ్చి ఆవిడ భుజం మీద తలపెట్టి ఏడ్చేశాను.

“ఏటైంది, పోయిందా?”

“పాసైపోనాను. కానీ అందరికన్నా ఆకర్న.”

“ఆకరిదానికి ఉద్యోగం సగమే ఇత్తారేటే? పద, టిఫిను తినీద్దాం.”

ఇప్పుడు టెక్కలి పోలీసు స్టేషన్లో ఏ పనైనా నా చేతిలో అందరికంటే ఆలస్యంగా తెమిలితే, నన్ను నేను తిట్టుకోను. ముందు వెళ్లి టిఫిన్ తిని వస్తాను.